ఆలోచన పుట్టుకను చెప్పే ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బులు: బెళుగుప్ప సీమ తెలుగుతో పోల్చి ఒక పరిశీలన

మనసులో కొత్త ఆలోచన పుట్టిందనో, లేనిదాన్ని ఊహించి చెప్పారనో అనడానికి ఇంగ్లీషులో ఒక గుంపు ఫ్రేజల్ వెర్బులున్నాయి. థింక్ అప్, డ్రీమ్ అప్, కమ్ అప్ విత్, మేక్ అప్, కుక్ అప్, కాంజర్ అప్, వర్క్ అవుట్, ఫిగర్ అవుట్, హిట్ అపాన్ వాటిలో ముఖ్యమైనవి. థింక్, డ్రీమ్, కమ్, మేక్ అనే మాటలు ఐదో తరగతి పిల్లలకూ తెలుసు. అప్, అవుట్, విత్ అంతకంటే ముందే తెలుసు. తెలిసిన రెండు మాటలు కలిసి తెలియని మూడో అర్థాన్ని ఇవ్వడమే వీటి స్వభావం. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు ఇంగ్లీషు రాసేటప్పుడు వీటిని తప్పించుకుపోవడానికీ చాలావరకు అదే కారణం.

ఈ వ్యాసం ఆ క్రియల అర్థాలను, వ్యాకరణాన్ని వివరిస్తుంది. తెలుగు అదే పనిని ఏ మాటలతో చేస్తుందో అనంతపురం జిల్లా బెళుగుప్ప ప్రాంతపు మాటతీరును ఉదాహరణగా పెట్టుకుని చూపుతుంది. బెళుగుప్ప మండల కేంద్రం, ఉరవకొండ శాసనసభ నియోజకవర్గంలోది. ఒకవైపు కళ్యాణదుర్గం, మరోవైపు రాయదుర్గం. అవి దాటితే కర్ణాటక. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. వానను నమ్మి శెనక్కాయ వేసే ఎర్రనేలలివి. వాన తప్పినప్పుడల్లా ఏదో ఒక ఉపాయం వెతుక్కోవలసిన ఊళ్లలో, ఉపాయం దొరకడం గురించిన మాటలు రోజూ నోట్లో నలుగుతాయి. ఇంగ్లీషును ఇంట్లో వినకుండా బడిలోనే నేర్చుకునే పిల్లలు ఇక్కడ ఎక్కువ. ఈ రెండు కారణాల వల్ల ఈ సీమ పరిశీలనకు బాగా పనికొస్తుంది.

పేరు, చరిత్ర

క్రియకు చిన్న మాట తోడై కొత్త అర్థం రావడాన్ని ఇంగ్లీషు పండితులు చాలా ముందే గమనించారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి నిఘంటువు ముందుమాటలో, ఈ కలయికలే విదేశీయులకు అన్నిటికంటే కష్టమని గుర్తించి, వాటిని శ్రద్ధగా పొందుపరిచానని చెప్పుకున్నాడు. ఫ్రేజల్ వెర్బ్ అనే పేరు మాత్రం 20వ శతాబ్దంలో స్థిరపడింది. లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో వెలువరించిన పుస్తకంలో ఆ పేరు వాడాడు. దాన్ని సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే రాశాడు. డ్వైట్ బోలింజర్ 1971లో ఈ అంశం మీద ప్రత్యేక గ్రంథం రాశాడు. నిఘంటువుల్లో ఇవి ఉండే చోటు కూడా క్రమంగా మారింది. మూల క్రియ కింద ఎక్కడో ఇరుక్కుని ఉండేవి కాస్తా విడి పదాలుగా, తర్వాత విడి పుస్తకాలుగా వచ్చాయి.

మన గుంపులోని క్రియలన్నీ ఒక వయసువి కావు. మేక్ అప్ పాతది. డ్రీమ్ అప్ 1940ల నాటికి అమెరికా వాడుకలో కుదురుకున్న కొత్త మాట. కాంజర్ అప్‌లోని కాంజర్ మంత్రం వేసి దెయ్యాలను పిలిచే పనికి సంబంధించినది. అందుకే ఇవాళ ఆ మాట లేని దృశ్యాన్ని కళ్లముందు నిలబెట్టడానికి వాడుతున్నారు.

ఎన్ని మాటలు నేర్చుకోవాలి అనే భయానికి ఒక సమాధానం ఉంది. డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే 10 కోట్ల పదాల భాండాగారాన్ని పరిశీలించారు. 20 క్రియలు 8 చిన్న మాటలతో కలిసి ఏర్పరచిన కలయికలే అందులోని ఫ్రేజల్ వెర్బు ప్రయోగాల్లో సగానికి పైగా ఉన్నాయని తేల్చారు. కమ్, మేక్, వర్క్, అప్, అవుట్ వంటి మాటలు పాఠ్యపుస్తకాల్లో మళ్లీమళ్లీ కనపడతాయి గనుక బెళుగుప్ప బడిపిల్లకు ముడిసరుకు ముందే చేతిలో ఉంది. నేర్చుకోవలసింది కలపడమే.

అప్ చేసే పని

గుంపులో ఎక్కువ క్రియలకు అప్ తోడవడం యాదృచ్ఛికం కాదు. సుసాన్ లిండ్నర్ 1981లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో అప్, అవుట్ మాటల అర్థాలను వరుసగా విడమరిచింది. పైకి రావడమంటే కనబడటం, కనబడటమంటే మనసుకు అందడం. ఇంతకుముందు లేనిది ఉన్నట్టుండి అందుబాటులోకి వచ్చిందనే భావన అప్‌లో ఉంది. థింక్ అంటే ఆలోచించు. ఫలితం వచ్చిందో లేదో అది చెప్పదు. థింక్ అప్ అంటే ఆలోచించగా ఒకటి చేతికి వచ్చింది.

ఈ భావన తెలుగువారికి కొత్తేమీ కాదు, కాకపోతే మనం దాన్ని పైకి అని గాక బయట అని చెబుతాం. దాచినది బయటపడుతుంది. మనసులో ఉన్నది బయటపెడతాం. నిజం బయటికి వస్తుంది. ఇంగ్లీషు పైకి తెచ్చేదాన్ని తెలుగు బయటికి తెస్తుందని మొదటి రోజే చెబితే, అప్ అనగానే ఆకాశం వైపు చూసే అయోమయం తగ్గుతుంది. బడుల్లో సాధారణంగా ఇది చెప్పరు. పట్టిక ఇచ్చి బట్టీ పట్టమంటారు. పట్టికలో డ్రీమ్ అప్‌కు ఊహించు, థింక్ అప్‌కు ఊహించు, మేక్ అప్‌కు ఊహించు అని మూడుసార్లు కనపడితే పిల్లవాడికి మిగిలేది ఒక్క ఊహించు.

ఏ మాట ఎక్కడ

ఈ క్రియలన్నీ ఒకే పని చెబుతున్నట్టు కనిపించినా ఒక్కోదానికి ఒక్కో తీర్పు అంటుకుని ఉంటుంది. కమ్ అప్ విత్ వెనక ఒక అవసరం ఉంటుంది: ఎవరో అడిగారు, ఏదో అడ్డం పడింది, జవాబు ఇవ్వాలి. ఆ ఒత్తిడిలో ఉపాయమో, పేరో, సాకో అందించినవాడి గురించి ఈ మాట వాడతారు. థింక్ అప్ కూర్చుని బుర్ర పెట్టి చేసే పని. డ్రీమ్ అప్‌లో కాస్త వింత ఉంటుంది. ఆ ఊహ నేల విడిచినదని చెప్పేవాడి ధ్వని. అందుకే గౌరవించవలసిన చోట దాన్ని వాడకూడదు. శ్రీశైలం వెనకజలాలను మాల్యాల దగ్గర ఎత్తి, హంద్రీ నీవా కాలువగుండా బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయం దాకా నడిపించిన ఆలోచన గురించి ఇంగ్లీషులో రాస్తూ ఇంజనీర్లు దాన్ని డ్రీమ్ అప్ చేశారంటే, అది జరగని పని అన్న ఎత్తిపొడుపు చదివేవాడికి తగులుతుంది. మనం కలగన్న పథకం అని మెచ్చుకోలుగానే అంటాం, కలకు మన దగ్గర ఆ పరువు ఉంది. ఇంగ్లీషులో అక్కడ కన్సీవ్డ్ అనో, వర్క్డ్ అవుట్ అనో రాయాలి.

మేక్ అప్ కథలకు, సాకులకు. పిల్లను నిద్రపుచ్చే కథ అప్పటికప్పుడు అల్లి చెబితే అది మంచి మేక్ అప్. బడి ఎగ్గొట్టి కడుపునొప్పి అంటే చెడ్డది. కుక్ అప్ దాదాపు ఎప్పుడూ చెడ్డదే. ఇక్కడ తెలుగు, ఇంగ్లీషు ఒకే పొయ్యి దగ్గర కలుస్తాయి: మన పత్రికలు కూడా కట్టుకథలను వండివార్చారనే రాస్తాయి. తప్పుడు నేరం మోపడానికి ఇంగ్లీషులో ట్రంప్ అప్ ఉంటే మనకు కేసు బనాయించడం ఉంది, హిందీ నుంచి వచ్చినా అచ్చ తెలుగు కోపంతో పలికే మాట.

హిట్ అపాన్ వెతకనిది కాలికి తగిలినట్టు దొరకడం. వర్క్ అవుట్, ఫిగర్ అవుట్ దానికి ఎదురు: లెక్కవేసి, తప్పులు సరిదిద్దుకుంటూ చివరికి తేల్చడం. థింక్ ఓవర్, థింక్ త్రూ ఈ కోవకు దగ్గరివే గాని కొత్తది పుట్టించవు, ఉన్న ఆలోచనను తిరగేసి చూస్తాయి.

కమ్ అప్ విత్‌కు ఆలోచనతో పని లేని మరో వాడుక ఉంది, దాన్ని ఇక్కడే చెప్పడం మేలు. డబ్బుకూ ఆ మాటే వాడతారు. విత్తనాల వేళ ఒక రైతు గురించి హౌ విల్ హి కమ్ అప్ విత్ ద మనీ అంటే, దుడ్లు ఎట్ల సర్దుతాడు అని అర్థం. లేనిచోట నుంచి ఉన్నట్టు చేసి చూపించడం ఆలోచనకూ, అప్పుకూ ఒకటేనని ఇంగ్లీషు భావించింది.

వాక్యంలో చోటు

తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది. దాని తర్వాత ఏమీ రాదు. క్రియకు తోడయ్యే మాట ముందే వచ్చి కూర్చుంటుంది: బయటపెట్టు, తలపెట్టు, తలపోయు, మేలుకొను. విడి అర్థాలు వదిలి కొత్త అర్థాన్నిచ్చే ఇలాంటి జంటల్ని సంప్రదాయ వ్యాకరణం శబ్దపల్లవాలు అంటుంది. అంటే ఫ్రేజల్ వెర్బు లాంటిది మనకు లేదనడం సరికాదు. మనది ఎదురు వరుసలో ఉంది.

ఇంగ్లీషులో తోడు మాట క్రియ తర్వాత వస్తుంది, పైగా కదులుతుంది. థింక్ అప్ ఎ ప్లాన్ అనొచ్చు, థింక్ ఎ ప్లాన్ అప్ అనొచ్చు. ప్లాన్ బదులు ఇట్ అనే సర్వనామం వస్తే మాత్రం దాన్ని మధ్యలోనే పెట్టాలి: థింక్ ఇట్ అప్. మేక్, డ్రీమ్, కుక్, వర్క్ అవుట్‌లకూ ఇదే నియమం. మూడు ముక్కల కమ్ అప్ విత్ విడదు; ఇట్ ఎప్పుడూ చివరే. హిట్ అపాన్ కూడా విడదు. వ్యాకరణవేత్తలు కొందరు హిట్ అపాన్‌ను అసలు ఫ్రేజల్ వెర్బుల్లో కలపరు, అపాన్ అక్కడ మామూలు విభక్తి మాటేనంటారు. నేర్చుకునేవారికి ఆ తగవుతో పని లేదు.

కమ్ అప్ విత్ చూపిన దారిలో భారతీయుల ఇంగ్లీషులో ఒక కొత్త మాట పుట్టింది: కోప్ అప్ విత్. కష్టాన్ని తట్టుకోవడమనే అర్థంలో కోప్ విత్ అంటే చాలు, నిఘంటువులు అప్‌ను ఒప్పుకోవు. కానీ దేశమంతటా వినపడుతుంది. వరుసను చెవి పట్టుకుని మనవాళ్లు తమంతట తాము కట్టిన మాట అది. తప్పే అయినా నేర్చుకునే బుర్ర ఎలా పనిచేస్తుందో చూపిస్తుంది.

నాకు తట్టింది

ఇప్పుడు అసలు తేడా దగ్గరకు రావాలి. ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బుల్లో మనిషి కర్త. ఆమె ఆలోచనను పుట్టించింది. తెలుగులో తొలుత నోటికి వచ్చే వాక్యంలో కర్త ఆలోచన: నాకు ఒక ఉపాయం తట్టింది, నాకు తోచింది, నాకు స్ఫురించింది, నాకు ఐడియా వచ్చింది. మనిషి కు ప్రత్యయం తగిలించుకుని పక్కన నిలబడతాడు. ఆలోచన వచ్చింది, మనిషికి వచ్చింది.

ఇది తెలుగు ఒక్కదాని గుణం కాదు. ఆకలి, భయం, జ్ఞాపకం, ఇష్టం లాంటివి మనిషికి కలుగుతాయని చెప్పే ఈ వాక్యం భారతదేశపు భాషల్లో కుటుంబభేదం లేకుండా పరుచుకుని ఉంది. మర్రే ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒక భాషా ప్రాంతంగా చూడాలని ప్రతిపాదించిన తర్వాత, కాలిన్ మసీకా 1976లో ఆ ప్రాంతపు గుర్తుల్లో ఒకటిగా దీన్ని చర్చించాడు. పేరి భాస్కరరావు, కారుమూరి వెంకట సుబ్బారావు 2004లో ఇలాంటి కర్తల మీద రెండు సంపుటాల వ్యాససంకలనానికి సంపాదకులుగా ఉన్నారు. బెళుగుప్ప పడమట కన్నడంలోనూ ఇదే కట్టు: ననగొందు ఉపాయ హొళెయితు. హొళె అంటే మెరవడం. వారికి ఉపాయం మెరుస్తుంది, మనకు తడుతుంది. తోచు అనే మాట రెండు భాషల్లోనూ ఉంది. ఆలోచనను ఈ సీమలో యోచన అంటారు, ఏం యోచన చేస్తాండావు అని అడుగుతారు; అటు కన్నడంలో అది యోచనె. గుర్తుకు రావడాన్ని మతికి రావడం అంటారు. రెండు భాషల మధ్య ఇల్లు కట్టుకున్న మాటలివి.

ఇంగ్లీషుకు కూడా ఒకప్పుడు ఈ కట్టు ఉండేది. పాత ఇంగ్లీషులో ఆలోచించడానికి ఒక క్రియ, తోచడానికి మరో క్రియ ఉండేవి. ధ్వనులు దగ్గరై రెండూ ఇవాళ్టి థింక్‌లో కలిసిపోయాయి. రెండోదాని మిగులు షేక్‌స్పియర్ నాటకాల్లో వినపడే మీథింక్స్. నాకు తోస్తోంది అన్నదానికి అది అక్షరాలా సరిపోతుంది. ఇప్పటికీ ఇట్ స్ట్రక్ మి, ఇట్ అకర్డ్ టు మి, ఇట్ డాన్డ్ ఆన్ మి అనే వాక్యాల్లో ఆలోచనే వచ్చి మనిషిని తాకుతుంది. తట్టడం, స్ట్రైక్ చేయడం ఒకే బొమ్మ. కనుక నాకు తట్టింది అన్న తెలుగు వాక్యానికి ఇంగ్లీషులో చోటు లేదనుకోనక్కర్లేదు. ఆ చోటు ఇరుకైంది, అంతే.

తెలుగులో మనిషిని కర్తగా నిలబెట్టే క్రియలూ ఉన్నాయి. వాటిని దగ్గర పెట్టుకుని చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కథలు అల్లాడు, లేనిపోనివి కల్పించాడు, పన్నాగం పన్నాడు, పుకారు పుట్టించాడు, ఎత్తు వేశాడు, పాచిక వేశాడు: ఆలోచనకు మనిషిని బాధ్యుణ్ణి చేసినప్పుడల్లా మన వాడుక అతన్ని అనుమానంగా చూస్తోంది. మెచ్చుకోవాలంటే రూపొందించాడు, రచించాడు, ఆవిష్కరించాడు లాంటి గ్రాంథిక మాటల్లోకి వెళ్లాలి. కనిపెట్టాడు ఒక్కటి మామూలు నోట మెచ్చుకోలుగా నిలబడింది. మంచి ఆలోచన వచ్చినప్పుడు అది నాకు తట్టిందని, చెడ్డది చేసినప్పుడు వాడు పన్నాడని చెప్పే భాషలో పెరిగిన పిల్ల, ఇంగ్లీషులో ఐ కేమ్ అప్ విత్ అనడానికి జంకుతుంది. అది గొప్పలు చెప్పుకోవడంగా తోస్తుంది. వ్యాకరణం తెలియక కాదు, మర్యాద అడ్డొచ్చి ఆగిపోతుంది. ఇంగ్లీషు బోధన మీద రాసిన పుస్తకాలు ఈ సంగతిని పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దీనికి విరుగుడు కూడా తెలుగులోనే ఉంది, కొను అనే సహాయక క్రియ. అది పని ఫలితాన్ని చేసినవాడి వైపు తిప్పుతుంది. అను అంటే చెప్పు. అనుకొను అంటే తనకు తాను చెప్పుకోవడం, అంటే తలచడం. ఊహించు అంటే అంచనా కట్టడం. ఊహించుకొను అంటే మనసులో బొమ్మ కట్టుకోవడం. కథ అల్లాడు అంటే అబద్ధం చెప్పాడు. ఈ పాయింటు చుట్టూ కథ అల్లుకున్నాం అని సినిమా రచయిత చెబితే అది గౌరవమైన పని. అల్లులో ఉన్న నింద అల్లుకొనులో పోయింది. ఇంగ్లీషు క్రియకు అప్ చేసే మేలు తెలుగు క్రియకు కొన్నిచోట్ల కొను చేస్తుంది. అన్నిచోట్లా కాదు: కల్పించుకొను అంటే అడగని తగవులో తలదూర్చడం, ఏదేదో ఊహించుకోకు అంటే మందలింపు.

ఊహ అనే మాటకే మన దగ్గర పెద్ద పరిధి ఉంది. ఊహాగానం పత్రికలవాళ్ల పని. ఊహాచిత్రం కళాకారుడిది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంటే బుద్ధి విచ్చుకున్న నాటి నుంచి అని.

ఒక వాక్యం

బెళుగుప్ప పక్క పల్లెలో ఒక పిల్ల తన ఇంటి గురించి చెప్పే మాట ఇలా ఉంటుందనుకుందాం: బోరులో నీళ్లు తగ్గిపాయ, ఉన్న డ్రిప్పు పైపులే మార్చి మార్చి వేసేదానికి మా నాయనకు ఒక ఉపాయం తట్టింది. తగ్గిన నీటితో సగం మడిని ఒక రోజు, మిగతా సగాన్ని మరో రోజు తడపడం, ఉన్న పైపులను అటూఇటూ మోసుకెళ్లి సర్దడం ఆ ఉపాయం. దీన్ని ఇంగ్లీషులో చెప్పాలి.

మొదట వచ్చేది: ఏన్ ఐడియా కేమ్ టు మై ఫాదర్. తప్పు లేదు, అర్థమవుతుంది. కానీ ఆ నాయన అందులో ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎండలో పైపులు మోసిన మనిషి కనపడడు.

మై ఫాదర్ హిట్ అపాన్ ఎ వే అంటే ఆయన ఏదో చేస్తూ ఉండగా దారి దొరికింది. ఒకనాడు పైపు ఊడిపోయి పక్క సాలు తడిసింది, అది చూసి తట్టింది అనే కథకు ఇది నప్పుతుంది. మై ఫాదర్ థాట్ అప్ ఎ వే అంటే రాత్రి మంచం మీద ఆలోచిస్తూ పడుకున్న మనిషి. మై ఫాదర్ కేమ్ అప్ విత్ ఎ వే అంటే పంట ఎండిపోతోంది, ఇంట్లో అందరూ ఏం చేద్దామంటున్నారు, ఆయన ముందుకొచ్చి జవాబు చెప్పాడు. మై ఫాదర్ వర్క్డ్ అవుట్ ఎ వే అంటే ఎన్ని గంటలకు ఎంత నీరు, ఏ సాలుకు ఎన్ని పైపులు అని లెక్కవేశాడు. పక్కింటివాళ్లు నమ్మక ఎగతాళి చేస్తూ చెబితే, హి డ్రీమ్డ్ అప్ సమ్ స్కీమ్.

ఐదూ ఒకే తట్టింది నుంచి వచ్చాయి. తెలుగు వాక్యం చెప్పకుండా వదిలేసినదాన్ని ఇంగ్లీషు అడుగుతోంది: మీ నాయన ఎలా ఆలోచించాడు? ఆ ప్రశ్నకు జవాబు పిల్లకు తెలుసు, ఎందుకంటే ఆమె అక్కడే ఉంది. ఆ జవాబు చెప్పించి, దానికి తగిన క్రియ అందించడం టీచరు పని. పట్టిక బట్టీ పట్టించడం కంటే ఇది ఎక్కువసేపు పడుతుంది. ఈ సీమలో కరవుతో బతకడానికి మనుషులు చేసిన ఆలోచనలు కొల్లలు. వాటిని చేసినవారి పేరుతో కలిపి ప్రపంచానికి చెప్పగలిగే భాష ఆ ఇళ్ల పిల్లల చేతికి అందాలంటే ఆ సమయం పెట్టక తప్పదు.

తప్పించుకోవడం

ఫ్రేజల్ వెర్బులను తప్పించుకుపోయే అలవాటు మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. మెనాహెమ్ డాగట్, బాటియా లాఫర్ 1985లో హీబ్రూ మాట్లాడే విద్యార్థులు వీటి బదులు ఒంటి క్రియలనే ఎంచుకుంటున్నారని చూపారు. హీబ్రూలో ఇలాంటి కట్టు లేకపోవడమే కారణమన్నారు. జాన్ హల్‌స్టైన్, ఎలైన్ మార్చేనా 1989లో డచ్ విద్యార్థులను పరిశీలించారు. డచ్చిలో ఇలాంటి క్రియలున్నా, అర్థం మరీ తమ భాషలోలాగే ఉందనిపించినప్పుడు అనుమానపడి వదిలేస్తున్నారని తేలింది. చైనీయుల మీద 2004లో వచ్చిన పరిశీలన, నేర్పు పెరిగేకొద్దీ ఈ భయం తగ్గుతుందని చెప్పింది.

తెలుగువారి విషయంలో మరో కారణం తోడవుతుంది. తెలుగులో గౌరవం సంస్కృత పదానికి: తట్టడం ఇంట్లో, స్ఫురించడం వ్యాసంలో. ఇంగ్లీషులోనూ గౌరవం లాటిన్ పదానికే కదా అని విద్యార్థి డివైజ్, ఇన్వెంట్, ఫ్యాబ్రికేట్, ఇమేజిన్ అనే మాటలు పట్టుకుంటాడు. పరీక్ష జవాబులో అవి బాగానే ఉంటాయి. బెంగళూరులోనో డాలస్‌లోనో ఆఫీసు సమావేశంలో తోటివాళ్లు వాట్ డిడ్ యు కమ్ అప్ విత్ అంటుంటే, ఐ హ్యావ్ డివైజ్డ్ అనడం కోర్టు భాషలా వినపడుతుంది. అక్కడ తెలుగువారు ఎక్కువగా వాడేది ఐ గాట్ ఏన్ ఐడియా. నాకు ఐడియా వచ్చింది అన్నదాన్ని కర్తను మార్చి చెప్పిన వాక్యమిది. ఇంగ్లీషువారికీ సహజంగానే ఉంటుంది. అదే అచ్చులో పోసిన ఐ గాట్ ఎ డౌట్ మాత్రం వారికి వింత, మనకు మామూలు.

బడులు, నిఘంటువులు

అనంతపురం 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్త మండలాల్లో భాగం. తెలుగు, ఇంగ్లీషుల మధ్య ఒక పెద్ద వంతెన కూడా ఈ దత్త మండలాల అనుభవంతోనే వచ్చింది: కడపలో పనిచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో అచ్చు వేయించాడు. ఇంగ్లీషువాడు తెలుగు అర్థం చేసుకోవడానికి కట్టిన వంతెన అది. తెలుగువాడు ఇంగ్లీషులోకి వెళ్లడానికి కావలసింది వేరు. జె.పి.ఎల్. గ్విన్ 1991 నిఘంటువు కూడా తెలుగు నుంచి ఇంగ్లీషుకే; అందులో ఆధునిక వ్యవహారానికి పెద్దపీట వేశారు గనుక, ఒక తెలుగు క్రియకు ఏ ఇంగ్లీషు జంట నప్పుతుందో వెతుక్కునేవారికి ఇప్పటికీ బాగా ఉపయోగపడుతుంది. హైదరాబాదులో 1958లో మొదలై తర్వాత విశ్వవిద్యాలయంగా ఎదిగిన ఇంగ్లీషు బోధన సంస్థ దేశమంతటికీ టీచర్లను తయారుచేసింది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే విదేశీ భాషల పాఠశాల పల్లె యువతకు ఇంగ్లీషుతో పాటు స్పానిష్, జర్మన్, ఫ్రెంచి నేర్పుతోంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020–21 నుంచి పక్కపక్క పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. గణితం, సైన్సు పాఠం అర్థం కావడానికి ఇవి గొప్ప సాయం. క్రియల దగ్గర మాత్రం ఒక చిక్కు ఉంది. ఎదురెదురు పేజీల్లో వాక్యానికి వాక్యం ఉన్నప్పుడు మాటకు మాట ఉందనే నమ్మకం కలుగుతుంది. ఒక పేజీలో ఊహించు, ఎదురుగా థింక్ అప్ చూసిన పిల్ల వాటిని అన్నిచోట్లా సమానమనుకుంటుంది. టీచరు రెండు పేజీల మధ్య ఆగి మాట్లాడితే ఆ చిక్కే మంచి పాఠమవుతుంది.

పోటీ పరీక్షల పుస్తకాలు ఫ్రేజల్ వెర్బులకు ప్రత్యేక అధ్యాయం పెడతాయి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు గనుక అక్కడ గుర్తుపట్టడమే నేర్పుతారు, వాడటం కాదు.

తిరుగు దారి

ఈ క్రియలు తెలుగు వాక్యాన్ని కూడా మార్చాయి. ప్రభుత్వం కొత్త ప్రతిపాదనతో ముందుకొచ్చింది, ఒక యువతి వినూత్న ఆలోచనతో ముందుకొచ్చింది అని పత్రికలు, టీవీలు రోజూ అంటాయి. ఇది కమ్ అప్ విత్ నీడలో పుట్టిన వాక్యం. పాత తెలుగులో ప్రతిపాదన చేస్తారు, ఆలోచన చెబుతారు. దానితో నడిచి రారు. భాషాభిమానులు కొందరు దీన్ని తప్పుపడతారు. అయినా ఆ వాక్యంలో యువతి కర్తగా ఉందన్నది గమనించాలి. ఆలోచన ఆమెకు రాలేదు, ఆమె ఆలోచన తెచ్చింది. రూపొందించింది అంత బరువుగా లేదు, పన్నింది అంత నిందగా లేదు. మామూలు మాటల్లో మనిషికి ఆలోచన ఘనతను ఇచ్చే ఖాళీ ఒకటి తెలుగులో ఉండేది. ముందుకు రావడం ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది. ప్లాన్ వేసింది, ఐడియా ఇచ్చింది అనే సగం ఇంగ్లీషు జంటలు అదే పని ఇళ్లలో చేస్తున్నాయి. బెళుగుప్ప అంగడి దగ్గర ఎవరినైనా ఈ ఐడియా ఎవరిది అని అడిగితే, మా పిల్ల ఇచ్చింది అంటారు.